గాలిమోటర్లు తెచ్చిన మందులు

నేను ఇంగోల్‌స్టాట్ నుంచి మాట్లాడుతున్నాను. ఇది జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఊరు. ఆడి కార్ల ఊరు అంటే చాలామంది గుర్తుపడతారు. మేరీ షెల్లీ రాసిన ఫ్రాంకెన్‌స్టయిన్ నవలలో ఆ డాక్టరు చదువుకున్నది ఈ ఊళ్ళోనే అంటే ఇంకొంతమంది గుర్తుపడతారు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, చరిత్రకారుణ్ణి కాదు. అయినా పదిహేను నిమిషాలు చరిత్ర మాట్లాడమని మీరు అడిగారు కాబట్టి నా ఉద్యోగం దగ్గర మొదలుపెట్టి మా తాత దగ్గరికి వెళ్తాను. దారిలో తుపాకులు తగుల్తాయి. కంగారు పడకండి.

నేను చేసే పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది. ఒక కంపెనీ విదేశానికి సరుకు పంపాలంటే, కంప్యూటర్లో ఆ ఆర్డరు నమోదవగానే కొనేవాడి పేరు, చిరునామా కొన్ని జాబితాలతో పోల్చి చూడాలి. యూరోపియన్ యూనియన్ జాబితా ఒకటి, ఐక్యరాజ్యసమితి జాబితా ఒకటి, అమెరికా వాళ్ళ జాబితాలు అరడజను. పేరు కలిస్తే ఆర్డరు ఆగిపోతుంది, తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. ఒక మనిషి కాగితాలు చూసి, ఇతను ఆ మనిషి కాదు అని తేల్చి విడుదల చేయాలి. ఆ ఎర్ర గుర్తు పడే ఏర్పాటు చేసేవాణ్ణి నేను.

ఆ అమెరికా జాబితాల్లో ఒకదాని పేరు డినైడ్ పర్సన్స్ లిస్ట్. 'నిషేధింపబడిన వ్యక్తులు' అనుకోండి. వాణిజ్య శాఖ కింద ఉండే ఒక బ్యూరో దాన్ని నడుపుతుంది. ఇందులోకి ఎక్కే దారులు కొన్ని ఉన్నాయి. ఒకటి ఇది: ఎవరైనా తుపాకులో, తూటాలో లైసెన్సు లేకుండా దేశం దాటించి దొరికిపోయి, కోర్టులో నేరం రుజువై శిక్ష పడితే, ఆ తర్వాత ఈ బ్యూరో వేరేగా ఒక ఉత్తర్వు ఇస్తుంది. నేరం రుజువైన రోజు నుంచి పదేళ్ళ దాకా అతని ఎగుమతి సౌకర్యాలు రద్దు. 2018లో వచ్చిన ఎగుమతి నియంత్రణ సంస్కరణ చట్టం ఈ అధికారం ఇస్తున్నది, అంతకుముందు 1979 చట్టం కింద ఇచ్చేవాళ్ళు. ఉత్తర్వు ఇచ్చేముందు అతనికి నోటీసు పంపి, చెప్పుకునేది ఉంటే రాసి పంపమంటారు. తర్వాత ప్రభుత్వ గెజిట్లో పేరూ చిరునామాతో సహా అచ్చు వేస్తారు.

ఆ చిరునామాలు చూసినప్పుడు నాకు మొదట విచిత్రంగా అనిపించింది. చాలా వాటిలో ఇల్లు ఉండదు, వీధి ఉండదు. ఖైదీ నంబరూ, ఫలానా ఫెడరల్ జైలూ అని ఉంటుంది. జైల్లో ఉన్నవాడు ఏం ఎగుమతి చేస్తాడు, ఈ ఉత్తర్వు ఎందుకు? అని నేను ఒక సీనియర్ని అడిగాను. ఆయన నవ్వి, "జైలు అతని కోసం, ఈ ఉత్తర్వు మన కోసం" అన్నాడు. నిజమే. ఆ ఉత్తర్వులో అతను ఎగుమతి చేయరాదు అని మాత్రమే ఉండదు. అతని తరఫున ఎవరూ చేయరాదు, అతనికి ఎవరూ పంపరాదు, అతనికి లాభం కలిగే లావాదేవీలో ఎవరూ చేయి పెట్టరాదు అని కూడా ఉంటుంది. అంటే శిక్ష ఒకడికి, కాపలా పని అందరికీ.

ఇక్కడ ప్రివిలేజ్ అన్న మాట గమనించండి. హక్కు అనలేదు. సర్కారు ఇచ్చిన వెసులుబాటు, కావాలంటే వెనక్కి తీసుకోగలిగింది. జర్మనీలో లెక్క కాస్త వేరు. ఇక్కడి విదేశీ వాణిజ్య చట్టం మొదటి సెక్షనులోనే విదేశీ వ్యాపారం సూత్రరీత్యా స్వేచ్ఛ అని ఉంది, ఆంక్షలు తర్వాత వస్తాయి. యుద్ధాయుధాలకు మాత్రం అది తల్లకిందులు: ప్రభుత్వం అనుమతిస్తే తప్ప తయారీ, రవాణా, అమ్మకం ఏదీ కుదరదని రాజ్యాంగంలోనే 26వ అధికరణంలో రాసుకున్నారు. రెండు ప్రపంచ యుద్ధాలు చేసినవాళ్ళు కాబట్టి. మన దేశంలో 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం ఉంది. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే వ్యాపారిని అడగండి, ఐఈసీ నంబరు అంటే ఏమిటో చెబుతాడు. అది లేకపోతే ఒక బస్తా కూడా ఓడ ఎక్కదు. తప్పు చేసిన వాడి ఐఈసీని సస్పెండు చేయడానికీ రద్దు చేయడానికీ ఎనిమిదో సెక్షనులో వీలుంది. పేర్లు వేరైనా ఆలోచన ఒకటే.

ఇంతకీ మా తాత సంగతి.

మాది వరంగల్ దగ్గర, మామునూరు పక్కన ఒక పల్లె. మామునూరులో 1930లో నిజాం కట్టించిన విమానాల మైదానం ఉంది. 1948లో మా తాతకు పన్నెండేళ్ళు. నేను చిన్నప్పుడు ఆయన పక్కన పడుకుంటే ఒక కథ చెప్పేవాడు. "నడిరాత్రి గాలిమోటర్లు దిగేటియి బిడ్డా. దీపాలుండకపోయేటివి. ఒర్రుడు ఇనవడేది. ఏం తెస్తున్నరయ్యా అని పటేలును అడిగితే, మందులు తెస్తున్నరు అన్నడు. మందులే తెచ్చిన్రు. తుపాకి మందు." ఈ చివరి మాటకు ఆయనే నవ్వేవాడు. నేను చాలా ఏళ్ళు అది తాతల కథ అనుకున్నాను. అది కథ కాదని తెలిసింది ఇక్కడికి వచ్చాకే.

ఆ గాలిమోటర్ల వెనక ఉన్న మనిషి పేరు సిడ్నీ కాటన్. 1894లో ఆస్ట్రేలియాలో పుట్టాడు. మొదటి యుద్ధంలో పైలట్లకు చలి ఆగే దుస్తులు కనిపెట్టాడు, సిడ్‌కాట్ సూటు అని అతని పేరు మీదే వచ్చింది. 1939లో, యుద్ధం ఇంకా మొదలు కాకముందు, ఒక లాక్‌హీడ్ విమానం అడుగున కెమెరాలు దాచి, వ్యాపారి వేషంలో ఈ జర్మనీ మీదనే తిరుగుతూ సైనిక స్థావరాల ఫోటోలు తీశాడు. ఆకాశం నుంచి గూఢచర్యపు ఫోటోలు తీయడంలో అతను ఆద్యుల్లో ఒకడు. బ్రిటిషు వాళ్ళు పతకం ఇచ్చారు, అతని దారి తమకు సరిపడక పక్కనా పెట్టారు. పైకి చూపేది ఒకటీ లోపల మోసేది ఒకటీ అయిన విమానం నడపడం అతనికి అప్పటికే అలవాటయిన విద్య అని గుర్తుపెట్టుకోండి.

1947 ఆగస్టు తర్వాత హైదరాబాదు సంస్థానం పరిస్థితి మీకు తెలుసు. నిజాం భారతదేశంలో కలవనన్నాడు. 1947 నవంబరు 29న ఒక ఏడాది యథాతథ ఒప్పందం జరిగింది. ఆ తర్వాత రెండు వైపులా నిందలే. భారత ప్రభుత్వం ఆయుధాలు రానివ్వలేదు, సరిహద్దుల్లో సరుకుల రాకపోకలు బిగించింది. మందులు కూడా ఆగిపోతున్నాయని హైదరాబాదు ప్రభుత్వం ఫిర్యాదు చేసింది. లోపల ఖాసిం రజ్వీ రజాకార్లు ఒక పక్క, దొరల మీద తిరగబడ్డ రైతుల పోరాటం ఒక పక్క. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయిన దగ్గర్నుంచి తెలంగాణ పల్లె నిద్రపోలేదు.

నాలుగు వైపులా భారతదేశమే ఉన్న సంస్థానానికి ఓడరేవు లేదు. మిగిలింది ఆకాశం. కాటన్ బ్రిటన్‌లో లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించాడు. ఇవి లాంకాస్టర్ బాంబర్లను మార్చి చేసిన పౌర విమానాలు. చాలా దూరం, చాలా బరువు మోయగలవు. కరాచీ నుంచి రాత్రిపూట బయల్దేరి, భారత భూభాగం మీదుగా ఎగిరి, బీదరులో, వరంగల్లులో దిగేవి. 1948 వేసవి చివర్నుంచి సెప్టెంబరు దాకా ఇది నడిచింది. భారత ప్రభుత్వం లండన్‌కు గట్టిగా ఫిర్యాదు చేసింది. సంస్థానాల విలీనం గురించి వి. పి. మీనన్ రాసిన పుస్తకంలో కూడా ఈ వ్యవహారం ఉంది.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. ఐదు రోజుల్లో అయిపోయింది. 17న నిజాం లొంగిపోయాడు, 18న హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఇద్రూస్ సైన్యాన్ని జనరల్ చౌధురీకి అప్పగించాడు. టాంకులతో వచ్చిన సైన్యం ముందు విమానాల్లో వచ్చిన తుపాకులు అక్కరకు రాలేదు.

మరి సైన్యం కదలకముందు? 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద నిజాం బలగాలూ రజాకార్లూ పడ్డారు. ఊరి బురుజు ఎక్కి నాటు తుపాకులతో, వడిసెలలతో కాపాడుకుంటున్న ఊరది. వంద మంది దాకా చనిపోయారు. ఆ రోజు పేలినవి కాటన్ తెచ్చిన తుపాకులేనని నేను అనను, దానికి నా దగ్గర రుజువు లేదు. ఆయుధానికి చేతులు మారే గుణం ఉందని మాత్రం అంటాను. పోలీసు చర్య తర్వాత రజాకార్లు వదిలేసిన తుపాకులు కొన్ని కమ్యూనిస్టు దళాల చేతికి చేరాయి, వాటితో ఇంకో మూడేళ్ళు పోరాటం నడిచింది. ఇంకో వైపు, సైన్యం వచ్చాక మరాఠ్వాడా వైపు జిల్లాల్లో ముస్లింల మీద ఘోరమైన హత్యాకాండ జరిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక చాలా దశాబ్దాలు బయటికి రాలేదు. తుపాకి ఎవరి చేతిలో మొదలైందో అని లెక్క తీస్తే, ఎవరి చేతిలో ఆగిందో చెప్పడం కష్టం.

కాటన్‌కు ఏమయింది? బ్రిటన్‌లో కోర్టుకు పోవలసి వచ్చింది. ఒక చిన్న జరిమానాతో ముగిసింది. తర్వాత వేరే వ్యాపారాలు చేసుకున్నాడు, 1969లో చనిపోయాడు. తన మాటల్లో ఆత్మకథ వచ్చింది. ఒక చిన్న దేశాన్ని ముట్టడిస్తే సాయం చేశానన్నదే అతని వాదన. పదేళ్ళు నువ్వు ఏ విమానమూ, ఏ సరుకూ దేశం దాటించకూడదు, నీతో ఎవరూ వ్యాపారం చేయకూడదు అనే ఉత్తర్వేదీ అతని మీద పడలేదు.

ఈ కథకు తోక కూడా ఉంది. 1948 సెప్టెంబరులో, సరిగ్గా హైదరాబాదు పడిపోతున్న రోజుల్లో, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వపు డబ్బు పది లక్షల పౌండ్లకు పైగా పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరు మీదికి మారింది. డెబ్బై ఏళ్ళు దాని మీద తగాదా. మొత్తం మూడున్నర కోట్ల పౌండ్లయింది. పాకిస్తాన్ కోర్టులో చేసిన వాదనల్లో ఒకటి, ఆ డబ్బు మేం హైదరాబాదుకు అందించిన ఆయుధాలకు సంబంధించింది అని! మా తాత చెప్పిన గాలిమోటర్లు 2019లో లండన్ హైకోర్టు తీర్పులోకి ఎక్కాయి. 2019 అక్టోబరు 2న జడ్జి ఆ వాదన ఒప్పుకోలేదు. డబ్బు నిజాం వారసులకూ భారతదేశానికీ అన్నాడు. మా తాత అప్పటికి లేడు. ఉంటే చదివి వినిపించేవాణ్ణి.

ఇప్పుడు జర్మనీకి వద్దాం. అదే 2019లో ఇక్కడ రెండు తీర్పులు వచ్చాయి. ఫిబ్రవరి 21న స్టుట్‌గార్ట్ కోర్టు హెక్లర్ ఉండ్ కోఖ్ అనే తుపాకుల కంపెనీ కేసు తేల్చింది. 2006 నుంచి 2009 మధ్య మెక్సికోకు వెళ్ళిన జీ36 రైఫిళ్ళు వేల సంఖ్యలో, పంపకూడదన్న రాష్ట్రాలకు చేరాయి. గెరెరో అందులో ఒకటి. 2014 సెప్టెంబరులో అదే గెరెరోలో ఇగువాలా అనే ఊళ్ళో 43 మంది విద్యార్థులు మాయమయ్యారు. అక్కడి పోలీసుల దగ్గర ఈ రైఫిళ్ళు దొరికాయి. కోర్టు ఇద్దరు మాజీ ఉద్యోగులకు అమలు నిలిపివేసిన జైలు శిక్షలు వేసింది, కంపెనీ నుంచి 37 లక్షల యూరోలు రాబట్టమంది. 2021లో పై కోర్టు ఖాయం చేసింది.

ఏప్రిల్ 3న కీల్ కోర్టులో సిగ్ సాయర్ కేసు. 38,000 పైచిలుకు పిస్తోళ్ళు అమెరికాకు అని కాగితాల్లో రాసి పంపారు. అవి అక్కణ్ణుంచి కొలంబియా వెళ్ళాయి. ముగ్గురు మేనేజర్లు నేరం ఒప్పుకున్నారు, వాళ్ళకూ నిలిపివేసిన శిక్షలే, జరిమానాలు అదనం. కంపెనీ నుంచి కోటి పది లక్షల యూరోలకు పైగా జప్తు. ఈ కేసులో నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. తీర్పుకు ఐదేళ్ళ ముందే, 2014లో, విచారణ నడుస్తుండగానే ఎగుమతి అనుమతులిచ్చే ఫెడరల్ కార్యాలయం ఆ కంపెనీకి అనుమతులు ఆపేసింది. జర్మన్ పద్ధతిలో అనుమతి అడిగేవాడు నమ్మదగినవాడై ఉండాలి. కంపెనీలో ఎగుమతులకు బాధ్యుడైన ఒక పెద్ద అధికారి పేరు ముందే ఇచ్చి ఉండాలి. ఆ నమ్మకం పోతే కోర్టు కోసం ఆగనక్కర్లేదు.

కాటన్ కరాచీ దారి, మెక్సికో రాష్ట్రాలు, కొలంబియా పిస్తోళ్ళు. మూడింట్లోనూ గుట్టు ఒక్కచోటే ఉంది: సరుకు ఎక్కడికి పోతున్నది అనే గడిలో. జర్మన్లు దీనికోసం కొనేవాడి దగ్గర ఒక హామీ పత్రం రాయించుకుంటారు: ఈ సరుకు చివరికి ఫలానా చోటే ఉంటుంది, ఇంకెవరికీ ఇవ్వము అని. మెక్సికో కేసులో ఆ పత్రం అసలు లైసెన్సులో భాగమా కాదా అన్నదే పెద్ద చర్చ అయింది. భాగం కాదు అన్నారు. అందుకని యుద్ధాయుధాల చట్టం కింద కాకుండా, అబద్ధం చెప్పి అనుమతి రాబట్టారన్న నేరం కింద శిక్ష వేశారు. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 43 మంది పిల్లల ఊరి వరకు వెళ్ళిన రైఫిలు, కోర్టులో ఒక తప్పుడు కాగితంగా మిగిలింది.

జాబితాలన్నీ న్యాయమైనవని అనుకోవద్దు. ఒకసారి ఒక పాత సిస్టంలోంచి డేటా మారుస్తుంటే ఏళ్ళ కిందటి అమెరికా జాబితా తెర మీద వచ్చింది. అందులో కంచన్‌బాగ్ కనిపించింది! హైదరాబాదులోని భారత్ డైనమిక్స్. కింద శ్రీహరికోట. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత పెట్టిన ఆంక్షలవి. ఆ రోజుల్లో భారత్ డైనమిక్స్‌కూ తిరువనంతపురం రాకెట్ కేంద్రానికీ సింగపూర్ మీదుగా చిప్పులు పంపినందుకు అమెరికాలో సిరస్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ యజమానికి 2008లో 35 నెలల జైలు పడింది. ఆయన భారతీయ మూలాలున్నవాడే. 2011 జనవరిలో అమెరికా ఆ రెండు సంస్థల పేర్లూ జాబితాలోంచి తీసేసింది. అంటే 2008లో నేరమైన సరుకుకు మూడేళ్ళలో ఎర్ర గుర్తు పోయింది. నేను ఎటు నిలబడాలి? కంచన్‌బాగ్ నాకు పరాయి చోటు కాదు.

చాలా రోజులు ఆలోచించి నేను ఒక దగ్గరికి వచ్చాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఎవరు మిత్రుడు, ఎవరు శత్రువు అన్నది రాజకీయం, పదేళ్ళకోసారి మారుతుంది. నిజాం దృష్టిలో కాటన్ రక్షకుడు, ఢిల్లీ దృష్టిలో దొంగ. కానీ చిరునామా గడిలో అబద్ధం రాస్తే ఆ సరుకు గురించి ప్రశ్న అడిగే అవకాశమే ఎవరికీ మిగలదు. మా తాత పటేలును అడిగాడు, మందులన్న జవాబు వచ్చింది, అంతటితో అయిపోయింది. పన్నెండేళ్ళ పిల్లవాడికి అంతకన్నా అడిగే దారి లేదు. ఎగుమతి సౌకర్యం రద్దు చేయడమంటే నా లెక్కలో, ఒకసారి ఆ గడిలో అబద్ధం రాసినవాడి చేతిలోంచి కలం తీసుకోవడం. జైలు జరిగిపోయినదానికి, ఇది జరగబోయేదానికి. జరిమానా కట్టి మరుసటి వారం మళ్ళీ విమానం ఎక్కించగలిగితే ఆ జరిమానాను ఖర్చుల్లో రాసుకుంటాడు.

చివరిగా నా సంగతి ఒకటి. మూడేళ్ళ కింద ఒక ప్రాజెక్టులో ఒక కొలత యంత్రం ఆర్డరు ఆగిపోయింది. తుపాకి కాదు, యంత్రమే. కొనేవాడి చిరునామా ఒక దేశం, ఫోను నంబరు ఇంకో దేశం, సరుకు దించుకునేది మూడో చోట. త్రైమాసికం ముగుస్తున్నది, అమ్మకాల మనిషి నా బల్ల దగ్గరికి వచ్చాడు. సిస్టంలో నీకు అధికారం ఉందిగా, ఆ గుర్తు తీసెయ్యి, కాగితాలు తర్వాత వస్తాయి అన్నాడు. మంచివాడే, ఇద్దరు పిల్లలు, బోనస్ మీద ఆశ. ఏం యంత్రమండీ అది అంటే, "ఏముంది, ఆస్పత్రికి" అన్నాడు.

మందులు అన్నట్టే వినపడింది నాకు.

నేను తీయలేదు. హామీ పత్రం వచ్చాక చూద్దామన్నాను. పత్రం రాలేదు, ఆర్డరు రద్దయింది. అది నిజంగా ఆస్పత్రికే అయి ఉండొచ్చు. అప్పుడు నేను ఒక ఆస్పత్రికి అన్యాయం చేసినట్టే. ఆ ప్రాజెక్టులో నన్ను పొడిగించలేదు. కారణం ఇదేనని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఊరి నడిబొడ్డున డాన్యూబ్ పక్కన ఒక పాత కోట ఉంది. 1972 నుంచి అందులో బవేరియా సైనిక మ్యూజియం నడుస్తున్నది. ఆదివారాలు మా అమ్మాయిని తీసుకుని వెళ్తుంటాను. అద్దాల వెనక తుపాకులు వరసగా ఉంటాయి. ప్రతి దాని కింద చిన్న చీటీ: ఎక్కడ చేశారు, ఏ సంవత్సరం. మొన్న మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఇవి ఎక్కడికి పోయొచ్చినయి?" అని. ఆ చీటీలో అది లేదు. ఇంటికొచ్చే దారిలో తాత గాలిమోటర్ల కథ చెప్పాను.